110 దగ్గర బార్ కింద ఇరుక్కుపోయా: 60కి దిగాలా, అక్కర్లేదా?

మద్దిలపాలెం కుర్రాడు:
మొన్న ఆదివారం జిమ్‌లో 110 కిలోల స్క్వాట్‌కి (బార్ భుజాల మీద మోస్తూ గొంతుక్కూర్చుని లేవడం) దిగి లేవలేకపోయాను. ఇరవై కిలోల బార్‌కి అటు రెండు ఇరవైలు, ఒక ఐదు, ఇటూ అంతే. కిందికి బాగానే వెళ్లాను. లేచేటప్పుడు ముందు పిరుదులు పైకొచ్చేశాయి, ఛాతీ వాలిపోయింది, బార్ మెడ మీదికి దొర్లింది. సేఫ్టీ పిన్నులు (బార్ జారితే ఆపడానికి స్టాండుకి అడ్డంగా పెట్టే ఇనుప కడ్డీలు) ఉండబట్టి బతికిపోయా. అవీ నేను పెట్టినవి కావు, నా ముందు చేసినాయన తీయడం మర్చిపోయాడు. కోచ్ ఏమో రెండు నెలలు 60 దాటొద్దు, మోకాలు కాలివేళ్లు దాటకుండా నేర్చుకో అంటున్నాడు. 100 కిలోలు మూడు రెప్స్, అంటే వరసగా మూడుసార్లు, శుభ్రంగా తీసేవాణ్ని. మళ్లీ 60 ఏంటి?

గాజువాక పాతకాపు:
తమ్ముడూ, కోచ్ మాట విను. మా రోజుల్లో నెలల తరబడి బస్కీలు తీయించాకే ఇనుము ముట్టుకోనిచ్చేవారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

బీచ్ రోడ్ బార్బెల్:
బాబాయ్ గారూ, 60తో ఎవరి ఫారమైనా ముచ్చటగానే ఉంటుంది. ఈ అబ్బాయి తప్పు బయటపడేది బరువు ఎక్కాకే. పిరుదులు ముందు లేచాయంటే తొడలు చేతులెత్తేసి పనంతా నడుముకి అప్పగించాయన్నమాట. మోకాళ్లని వెనక్కి ఆపితే మనిషి ఇంకా ముందుకి వంగుతాడు. అంటే ఉన్న రోగాన్నే కోచ్ ముదరబెడుతున్నాడు. 2003లో అచ్చయిన ఒక ప్రయోగంలో మోకాళ్లు ముందుకెళ్లకుండా పలక అడ్డం పెట్టి స్క్వాట్ చేయించారు. మోకాలి మీద భారం ఐదో వంతు తగ్గింది, నిజమే. తుంటి మీద మాత్రం పదింతలైంది.

గాజువాక పాతకాపు:
ఎంతమందితో చేయించారమ్మా?

బీచ్ రోడ్ బార్బెల్:
ఏడుగురు.

గాజువాక పాతకాపు:
మా వీధి అరుగు మీద అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. సరే, అది పక్కనపెట్టు. తమ్ముడూ, 110కి ముందు ఎంత తీశావు?

మద్దిలపాలెం కుర్రాడు:
100. నేరుగా 110కి వెళ్లాను బాబాయ్.

గాజువాక పాతకాపు:
అదీ సంగతి. మన పక్క శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 130 తీసి, ఆఖరి ప్రయత్నానికి 137.5 అడిగింది. అందలేదు. అది క్లీన్ అండ్ జెర్క్ (బార్‌ని నేల మీంచి భుజాలకి, అక్కణ్నుంచి తలపైకి ఎత్తడం) అనుకో, వేరే లిఫ్ట్. ఆవిడకి పక్కవాళ్లని దాటి బంగారం కొట్టాలన్న లెక్క ఉంది, కాంస్యం ఎలాగూ వచ్చింది. నీకు ఏ లెక్క ఉందని పది కిలోలు దూకావు?

సీతమ్మధార ఫిజియో:
ఇద్దరూ బార్ గురించే మాట్లాడుతున్నారు, పాదం ఎవరూ చూడలేదు. బాబూ, చెప్పుల్లేకుండా గోడకి ఎదురుగా గొంతుక్కూర్చో. మడమలు నేల మీద నిలుస్తున్నాయా? లేస్తుంటే రెండున్నర కిలోల ప్లేట్లు మడమల కింద పెట్టి మళ్లీ కూర్చో. అప్పుడు ఛాతీ నిటారుగా నిలిస్తే బిగుసుకున్నది చీలమండ. బరువు తగ్గించినంత మాత్రాన అది వదులుకాదు.

మద్దిలపాలెం కుర్రాడు:
చూశాను మేడమ్. ఎడమది నిలిచింది, కుడి మడమ లేస్తోంది. రెండేళ్ల కింద కైలాసగిరి మెట్ల మీద బెణికింది ఆ కాలే. ప్లేటు పెడితే తేడా బాగా తెలుస్తోంది.

బీచ్ రోడ్ బార్బెల్:
అయితే రోజూ చీలమండ సాగదియ్. 80తో పాజ్ స్క్వాట్లు చెయ్: ఊపిరి కడుపులోకి బిగించి దిగి, అడుగున రెండంకెలు లెక్కపెట్టి లేవాలి. పిరుదులు ముందు లేస్తే ఆ రెప్పు లెక్కలోకి రాదు. 60 మాత్రం నేనొప్పుకోను.

గాజువాక పాతకాపు:
నేను 80 ఒప్పుకోను. 70తో మొదలెట్టు, వారానికి రెండున్నర ఎక్కించు. పిన్నులు ఈసారి నువ్వే పెట్టుకో.

మద్దిలపాలెం కుర్రాడు:
ఏ ఎత్తులో పెట్టాలి బాబాయ్?

గాజువాక పాతకాపు:
ఖాళీ బార్‌తో అడుగుదాకా కూర్చో. బార్ ఆగిన చోటికి రెండంగుళాలు కింద.