‘ఓ’తో బాబుకు పేరు: ఓబులేసు, ఓజస్ మధ్య ఇరుక్కుపోయాం

మాది ప్రొద్దుటూరు. బాబుకు మూడో నెల. రోహిణి ఒకటో పాదం కాబట్టి అక్షరం ‘ఓ’. ఇంటి దేవుడు అహోబిలం నరసింహస్వామి, అందుకని మా ఆయనకు వాళ్ల తాత పేరు ఓబులేసే కావాలి. నాకూ స్వామి మీద భక్తి ఉంది, కానీ రేపు బడిలో ‘ఓబులూ’ అని ఏడిపిస్తారేమోనని టెన్షన్.

నేను ఓజస్ అన్నాను. "దగ్గు మందు పేరు మాదిరి ఉంది" అన్నారు. ఓంకార్ అంటే అది శివుడిదట. ఓబులేసు, ఓజస్ రెండూ కలిపితే ఇంటిపేరుతో సహా రైలుబండంత అయింది. దేవుడి ముందు చీటీలు వేస్తే ఓజస్ వచ్చింది. చీటీలు మడిచింది నేనే కదా అని మా అత్త ఒప్పుకోలేదు! 21వ రోజు బారసాల ఆగిపోయింది. ఇప్పటికి అందరికీ వాడు ‘చిన్నోడే’.

జనన ధ్రువపత్రంలో పేరు ఖాళీగా ఉంది. నమోదైన 12 నెలల్లోపు రుసుం లేకుండా రాయించుకోవచ్చు, ఆ తొందర లేదు. బారసాల మాత్రం వచ్చే నెలలో పెట్టుకున్నాం. రికార్డులో ఒకటి, ఇంట్లో ఒకటి అనే సలహా వద్దు, ఇద్దరికీ ఇష్టం లేదు.

‘ఓ’తో మొదలై, నరసింహస్వామిని గుర్తుచేస్తూ, ఇప్పటి పిల్లలకు నప్పే చిన్న పేరు ఏదైనా చెప్తారా?