మ్యాచ్ మర్నాడు పూల్ సెషన్: మే నెల ఒంగోలులో చల్లదనం ఎలా?

ఒంగోలులో ఫుట్‌బాల్ కుర్రాళ్లకు మ్యాచ్ అలసట తీరడానికి మర్నాడు పొద్దున ఆరింటికి పూల్ సెషన్ పెడుతున్నాం. నడుము లోతులో 5 నిమిషాలు ముందుకూ వెనక్కూ నడక, గట్టు పట్టుకుని కాలికి 10 ఊపులు, తేలే బెల్టు కట్టుకుని లోతులో 2 నిమిషాల పరుగు, నిమిషం విశ్రాంతి, ఇలా 4 సార్లు. నడుము లోతులో కాళ్ల మీద బరువు సుమారు సగం తగ్గుతుంది కాబట్టి కీళ్లకు హాయి. పందేలు పెట్టుకుంటే మాత్రం అది ఇంకో ప్రాక్టీసే. గజ్జల్లో నొప్పి ఉన్నవాళ్లకు కప్ప ఈత మాన్పించాం.

చిక్కల్లా చల్లదనంతోనే. అలసట తీరడానికే కాళ్లను 10–15 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ముంచాలంటే ఈ ఎండల్లో పూల్ పనికిరాదు. టబ్బులో 200 లీటర్ల నీళ్లను 30 నుంచి 15 డిగ్రీలకు దించడానికి లెక్క ప్రకారమే 32 కిలోల ఐసు కావాలి, ఎండకు ఇంకా ఎక్కువే.

నెల్లూరు, కావలి వైపు ఇలా చేయించేవాళ్లున్నారా? టబ్బుకు ఎంత ఐసు పడుతోంది? చేపలకు వాడే ఐసు ఫ్యాక్టరీ దిమ్మలు, మోకాళ్లు గీరుకుపోయిన పిల్లలకు వాడొచ్చా? లేక ఐసు వదిలేసి, పూల్ నడకతో సరిపెట్టడమే మేలంటారా? దయచేసి చెప్పండి.