నీడిల్ ఫెల్టింగ్ బొమ్మకు జిగురు పూయొచ్చా?

ఊలుపిట్ట: బొమ్మల కొలువుకని ఉన్నిని సూదితో పొడిచి పొడిచి ఏనుగు చేశాను. కాళ్లు వంగిపోతున్నాయి, పైన పీచు లేస్తోంది. తెల్ల జిగురు నీళ్లలో కలిపి పూస్తే గట్టిపడుతుందా?

సూదిపోటు: పూయకండి. కాళ్లు వంగాయంటే లోపల ఉన్ని బిగుసుకోలేదు. 36 నంబరు లావు సూదితో అన్ని వైపుల నుంచీ లోతుగా పొడవండి. నొక్కితే వేలు దిగకూడదు. తర్వాత సన్నటి 40 నంబరు సూదితో పైపైన పొడిస్తే పీచు అణుగుతుంది. ఉన్ని పోగుల మీద పొలుసులుంటాయి, సూది మీదుండే గాట్లు ఆ పోగుల్ని ఒకదాంట్లో ఒకటి ఇరికిస్తాయి. బలమంతా అక్కడే. జిగురు ఆరి పెంకు కట్టాక సూది దిగదు, విరుగుతుంది.

చందమామ_22: హెయిర్‌స్ప్రే కొట్టండి, చాలు.

రెక్కలపని: నేను బొమ్మలు అమ్ముతాను. కొరియర్‌లో పిట్ట తోక నలిగిందని ఒకావిడ డబ్బు వెనక్కి అడిగింది. అప్పట్నుంచి తోకకూ రెక్కల అంచులకూ అడుగువైపు పల్చటి జిగురు పూస్తున్నా. మళ్లీ ఎవరూ అడగలేదు.

నల్లగొర్రె: పాలమూరు వైపు గొంగడి నేసేవాళ్లు పడుగుకు (నిలువు పోగులకు) చింతగింజల గంజి పెడతారు. ఉన్నికి గంజి కొత్తేం కాదు.

సూదిపోటు: అది మగ్గం మీద పోగు తెగకుండా. బొమ్మకు పెడితే వానాకాలంలో బూజు పడుతుంది.

రెక్కలపని: గంజి లేకపోయినా ఉన్నికి పురుగు పడుతుంది కదండీ!

సూదిపోటు: జిగురు పురుగును ఆపదు. సంచిలో బిగించి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి.

రెక్కలపని: నేను పురుగు గురించి అడిగానా? జిగురు మాట ఎత్తితే చాలు, మీద పడతారు.

సూదిపోటు: పడతాను. సగం పొడిచి, జిగురుతో నిలబెట్టి, సగం ధరకు అమ్ముతారు. అది చూసి కొనేవాళ్లు నా రేటు ఎక్కువంటున్నారు.

రెక్కలపని: అదీ అసలు సంగతి! నాకు మణికట్టు నొప్పి. మీలా గంటలకొద్దీ పొడవలేను. జిగురు పూశానని ప్రతి బొమ్మ చీటీ మీదా రాస్తాను. ఇందులో మోసం ఎక్కడుంది?

సూదిపోటు: చీటీ రాస్తే మోసం అనను. ధర విషయం మాత్రం ఒప్పుకోను.

ఊలుపిట్ట: ఇప్పుడు కాళ్లలో తీగ దూర్చొచ్చా?

సూదిపోటు: కుదరదమ్మా. ముందు తీగ వంచి దాని చుట్టూ ఉన్ని చుట్టాలి. ఈ ఏనుగుకైతే ఇంకాస్త ఉన్ని వేసి కాళ్లు లావు చేయండి.

రెక్కలపని: పాదాల అడుగున కాస్త జిగురు కూడా.