పోస్ట్‌గ్రెస్ బిల్డ్‌ఫార్మ్‌కు ఇంట్లోని రాస్ప్‌బెర్రీ పై ఉపయోగపడుతుందా?

ప్రశ్న

నా ఉద్యోగమంతా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్) డేటాబేస్ మీదే నడుస్తోంది కాబట్టి ఆ ప్రాజెక్టుకు ఏదైనా తిరిగి ఇవ్వాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. విజయవాడలో మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ ఒకటి ఖాళీగా ఉంది. పోస్ట్‌గ్రెస్ కోడ్‌ను రకరకాల యంత్రాల మీద బిల్డ్ చేసి పరీక్షించే, 2004 నుంచి నడుస్తున్న బిల్డ్‌ఫార్మ్‌లో ఎక్కువగా స్వచ్ఛందంగా ఇచ్చిన యంత్రాలే పనిచేస్తాయనీ, ఒక్కోదానికి ఒక్కో జంతువు పేరు పెడతారనీ చదివాను. అయితే ప్యాచ్‌లను (కోడ్ మార్పులను) కమిట్‌కు, అంటే ప్రధాన కోడ్‌లో చేర్చడానికి, ముందే లినక్స్, విండోస్ వంటి వాటి మీద పరీక్షించే ఏర్పాటు ఇప్పుడు ఉన్నప్పుడు, ఇంత చిన్న యంత్రం వల్ల ప్రయోజనం ఉంటుందా? వేసవిలో కరెంటు పోతూ ఉండటం అడ్డంకి అవుతుందా?

మొదటి జవాబు

తప్పకుండా ఉంటుంది. కమిట్‌కు ముందు జరిగే పరీక్షలు కొన్ని ఎంపిక చేసిన వ్యవస్థల మీదే జరుగుతాయి. బిల్డ్‌ఫార్మ్ బలమంతా యంత్రాల వైవిధ్యంలో ఉంది. ఉదాహరణకు, సీ భాషలో 'చార్' రకం ఇంటెల్ యంత్రాల్లో మామూలుగా రుణ సంఖ్యలను కూడా తీసుకుంటుంది, ఏఆర్ఎం లినక్స్‌లో తీసుకోదు. ఈ తేడాను మరచి రాసిన పోలిక ఒకచోట సరిగ్గా నడిచి మరొకచోట విఫలమవుతుంది. మీరు 32 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్ వేయగలిగితే ఇంకా మంచిది. అక్కడ పాయింటర్ (మెమరీ చిరునామా), 'లాంగ్' (పూర్ణాంక రకం) రెండూ 4 బైట్లే కాబట్టి, 8 బైట్లు ఉంటాయని నమ్మి రాసిన కోడ్ వెంటనే బయటపడుతుంది. వేగం తక్కువైనా ఫరవాలేదు.

రెండో జవాబు

పైవారితో ఏకీభవిస్తాను గానీ ఒక హెచ్చరిక చేయాలి. యంత్రం లోపం వల్ల వచ్చిన వైఫల్యాన్ని కోడ్ లోపమనుకుని ఎవరో ఒక డెవలపర్ గంటల తరబడి వెతుకుతారు. నా పాత యంత్రంలో మెమరీ కార్డు చెడిపోవడం మొదలైనప్పుడు సరిగ్గా ఇలాగే జరిగింది. నేను నివేదికలను రోజూ చూడకపోవడమే దానికి కారణం, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందువల్ల బిల్డ్‌ను మెమరీ కార్డు మీద కాకుండా యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ మీద నడపండి. కరెంటు పోయి మధ్యలో ఆగిన పరుగు కంటే, ఆ కుదుపుకు పాడైన ఫైల్ సిస్టమ్ మీద జరిగే తర్వాతి పరుగే ప్రమాదకరం, కాబట్టి చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మేలు.

నెమ్మది యంత్రాల్లో కొన్ని పరీక్షలు గడువు దాటి విఫలమవుతాయి. వాటి మూల గడువు 180 సెకన్లు. 'పీజీ టెస్ట్ టైమవుట్ డిఫాల్ట్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో దాన్ని పెంచండి.

మొదట ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎస్‌ఎస్‌డీ ఉంది, యూపీఎస్ కొంటాను. పేరు నమోదుకు ముందే ఇంట్లో ప్రయత్నించి చూడవచ్చా? తెలుగు లొకేల్‌తో (భాష, అక్షరక్రమాల అమరికతో) కూడా పరీక్షలు నడపాలని ఉంది.

మూడో జవాబు

చూడవచ్చు, చూడాలి కూడా. మీ యంత్రంలో పరీక్షలు నడిపే బిల్డ్‌ఫార్మ్ క్లయింట్ పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రామ్. 'నోసెండ్', 'నోస్టేటస్' ఆప్షన్లతో నడిపితే ఫలితం సర్వర్‌కు వెళ్లదు. సర్వాధికారాలున్న రూట్ యూజర్‌గా మాత్రం నడపకండి, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. నాలుగైదు రోజులు వరుసగా విజయవంతమయ్యాక నమోదుకు దరఖాస్తు పెట్టండి. ఆమోదం రాగానే మీ జంతువు పేరు, రహస్య సంకేతం అందుతాయి. ఆపైన నిర్ణీత సమయాల్లో పనులు నడిపే క్రాన్‌లో పెడితే, కొత్త కమిట్ లేనప్పుడు క్లయింట్ తనంతట తానే ఆగిపోతుంది.

లొకేల్ విషయంలో తొందర వద్దు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లోని లొకేల్ జాబితాలో మొదట ఏ భాషకూ చెందని మూల లొకేల్ 'సీ' ఒక్కటే ఉంచి, అది స్థిరపడ్డాక తెలుగును చేర్చండి. పరీక్షల ఫలితాలను ముందే రాసిపెట్టిన ఫైళ్లతో అక్షరం అక్షరం పోల్చి చూస్తారు కాబట్టి, వరుసక్రమం మారితే వైఫల్యమే కనిపిస్తుంది. అప్పుడు తేడాలను చూపే 'రిగ్రెషన్ డిఫ్స్' ఫైల్ తెరిచి, తేడా అక్షరక్రమానిదా, లేక ఫలితాల వరుసను నిర్దేశించే 'ఆర్డర్ బై' లేని క్వెరీదా చూడండి. రెండోదైతే అది నిజంగా పంపదగిన నివేదిక.