గుట్ట నడకలో కసరత్తులు ఎప్పుడు, ఎలా కలపాలి?
వారానికి మూడుసార్లు గుట్ట దారిలో ఓ 40 నిమిషాలు నడుస్తాను. కాళ్లకీ దమ్ముకీ బాగానే ఉంది కానీ భుజాలకి, నడుముకి పని తగలట్లేదనిపించి నెల నుంచి దారిలో దొరికినవాటితోనే కసరత్తు మొదలుపెట్టాను: పడిపోయిన మొద్దు మీద బ్యాలెన్స్ చేస్తూ నడవడం, కొమ్మ పట్టుకుని 20 సెకన్లు వేలాడటం, రాయి ఎత్తి పదడుగులు మోయడం, ఎలుగుబంటిలా చేతులూ కాళ్లతో పాకడం. ఫ్రెంచ్ నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్ వందేళ్ల కిందటే ఇలా శిక్షణ ఇచ్చాడని తెలిశాక ఉత్సాహం ఇంకా పెరిగింది.

సమస్యల్లా దిగేటప్పుడే. ఎక్కుతూ ఇవన్నీ చేసేసరికి తొడలు వణుకుతున్నాయి, చిన్న బండ మీంచి దూకినా కుడి మోకాలు లోపలికి వాలిపోతోంది, మునివేళ్ల మీద వాలి మోకాళ్లు వంచి మెత్తగా దిగడం చదును నేల మీద బాగానే వస్తుంది, వాలులో మాత్రం రావట్లేదు. మరి దూకడం పూర్తిగా మానేసి కొన్నాళ్లు లోతైన గుంజీలు తీయనా, లేక ఎక్కేముందే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే దూకడం సాధన చేయనా?

ఇంకోటి, బెరడు గీసుకుని అరచేతి చర్మం లేచిపోతోంది. గ్లవ్స్ వేస్తే పట్టు జారుతోంది. ఇలా చేసేవాళ్లు ఎవరైనా ఉంటే మీరెలా నెట్టుకొస్తున్నారో దయచేసి చెప్పండి, నాకిది మానేయాలని లేదు.