మిస్సోరిలో మేరీవిల్: ఊరి చరిత్ర, భూగోళం తెలిసినవాళ్ళు చెప్పండి

తెనాలి సోషల్ మాస్టారు:
అందరికీ నమస్కారం. మా రెండోవాడికి మిస్సోరి రాష్ట్రం మేరీవిల్‌లో, నార్త్‌వెస్ట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. ఫీజులు, వీసా, గది వాడే చూసుకుంటున్నాడు, నన్ను వేలు పెట్టనివ్వడం లేదు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి, నా సందేహాలు వేరు. ఆ ఊరు అక్కడే ఎందుకు పుట్టింది? అంతకుముందు ఆ భూమి ఎవరిది? వరదొస్తే మునుగుతుందా? ఏం పండుతుంది? మ్యాపులో ఊరికి తూర్పున పారే ఏటికి ‘నూట రెండు’ అని అంకె పేరు ఉందేమిటి? అక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు దయచేసి రాయండి.

నోడవే పోరడు:
నమస్తే సార్. నేను ఈడనే చదువుతున్న. ఊరు చిన్నది, 2020 జనాభా లెక్కల్ల 10,633 మంది. నోడవే కౌంటీకి, అంటె మన జిల్లా లెక్క, ఇదే హెడ్‌క్వార్టర్. నడిమిట్ల ఎర్రిటుకల కోర్టు, దాని సుట్టు నాలుగు దిక్కుల దుకాణాలు, గంతే. వాల్‌మార్ట్, హైవీ అనే సూపర్‌మార్కెట్ ఉన్నయి. పండుగ సామాన్ కావాలంటె కాన్సాస్ సిటీ పోవాలె, కారుల గంటన్నర. కారు లేకుంటె కాళ్ళు లేనట్టే సార్. ఇగ చలి సంగతి: గాలిని ఆపేటందుకు కొండ లేదు, గుట్ట లేదు. జాకెట్ ఇండియాల కొనకున్రి, ఆ జాకెట్లు ఈడ అక్టోబర్‌కే చేతులెత్తేస్తయి.

వారెన్స్‌బర్గ్ వాలా:
మేరీవిల్‌కి చరిత్రేముంది మాస్టారూ, మొక్కజొన్న తప్ప! అదే రాష్ట్రంలో మా వారెన్స్‌బర్గ్ చూడండి. మా కాలేజీ 1871లో పెట్టారు, మేరీవిల్ వాళ్ళది 1905. ఆమ్‌ట్రాక్ రైలు మా ఊళ్ళో ఆగుతుంది. పక్కనే వైట్‌మన్ ఎయిర్‌ఫోర్స్ బేస్, బీ-2 బాంబర్లు నెత్తిమీద తిరుగుతుంటాయి. అన్నిటికీ మించి, మన తెలుగువాళ్ళు ఇంటర్వ్యూకి ముందు బట్టీ పట్టే పుస్తకాలు రాసిన డేల్ కార్నెగీ చదివింది మా కాలేజీలోనే. అబ్బాయికి ఇంకా టైముంటే మార్పించేయండి.

పాత బేర్‌క్యాట్:
చదివింది మీ దగ్గరేనయ్యా, పుట్టింది ఎక్కడ? 1888 నవంబర్ 24న, మేరీవిల్‌లో. మాస్టారు అడిగిన ఆ నూట రెండు ఏరే వాళ్ళ పొలం ముంచేది. పంట పోయి, అప్పు తీరక, మేరీవిల్ బ్యాంకు వాడు పొలం లాక్కుంటానంటే వాళ్ళ నాన్న బండిలో తిరిగొస్తూ ఆ ఏటి వంతెన మీద దిగి, దూకుదామా వద్దా అని చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడట. కార్నెగీయే రాసుకున్నాడు. ఆ ఏరే లేకపోతే మీ కాలేజీకి ఆయన వచ్చేవాడా? పొలాలు కలిసిరాకే కదా మీ వైపు వలస వచ్చింది ఆ కుటుంబం.

ఇక కప్పుల మాటకొస్తే మా నార్త్‌వెస్ట్ గెలిచిన డివిజన్ టూ (కాలేజీల రెండో శ్రేణి) ఫుట్‌బాల్ జాతీయ ఛాంపియన్‌షిప్‌లు 1998, 1999, 2009, 2013, 2015, 2016. మీవెన్ని?

వారెన్స్‌బర్గ్ వాలా:
పుట్టడం ఎవరైనా ఎక్కడైనా పుడతారు. మనిషిని చేసింది కాలేజీ. హాస్టల్ ఖర్చు భరించలేక రోజూ గుర్రం మీద వచ్చి చదువుకున్నాడు. డిబేట్లలో ఓడి ఓడి మాట్లాడటం నేర్చుకున్నది మా ఊళ్ళో. మాటలంటే గుర్తొచ్చింది, ఓల్డ్ డ్రమ్ కేసు తెలుసా? పొరుగువాడు కుక్కని కాల్పించాడని 1870లో మా కోర్టులో దావా నడిచింది. వెస్ట్ అనే లాయరు కుక్క విశ్వాసం మీద చేసిన వాదనకి జ్యూరీ కరిగిపోయింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా తీర్పు నిలిచింది, పరిహారం 50 డాలర్లు. ఆ వెస్టే తర్వాత సెనేటర్ అయ్యాడు. కుక్కకి కోర్టు ముందు విగ్రహం కూడా ఉంది. అదీ చరిత్రంటే.

నోడవే పోరడు:
అన్నా, సార్ అడిగింది మేరీవిల్ గురించి. కుక్క గురించి కాదు.

నల్లమట్టి డాక్టర్:
పైనవాళ్ళెవరూ భూమి జోలికి పోలేదు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. నేను బాపట్లలో అగ్రికల్చర్ చదివి, ఇక్కడ మట్టి శాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఈ చుట్టుపక్కల కౌంటీల్లో గుంటలు తవ్వించి చూసినవాణ్ణి. గూగుల్ చూసి రాయడం లేదు.

ఆ ప్రాంతం మంచు యుగంలో హిమానీనదాల కింద ఉంది. అవి రుబ్బి వదిలిన బంకమన్ను, గులకరాళ్ళు అడుగున ఉంటాయి. దాని మీద మిస్సోరి నది లోయ నుంచి గాలి ఎత్తుకొచ్చి పరిచిన మెత్తటి ధూళి, లోయెస్ అంటారు. నది ఒడ్డున హోల్ట్, అచిసన్ కౌంటీల్లో ఆ ధూళి గుట్టలుగా పేరుకుపోయింది, తూర్పుకి పోయేకొద్దీ పలచబడుతుంది. పైన వేల ఏళ్ళు గడ్డి పెరిగి కుళ్ళింది కాబట్టి నలుపు. అందుకే మొక్కజొన్న, సోయా. ‘కొండలు లేవు’ అన్న కుర్రాడు సైకిల్ ఎక్కి ఊరి బయటికి పోలేదనుకుంటాను, నేలంతా అలలు అలలుగా ఉంటుంది.

నదులు మూడూ ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా పారతాయి. పడమర నోడవే, మధ్యలో నూట రెండు, తూర్పున ప్లాట్. ఊరు కట్టింది వాటి మధ్య మెరక మీద. పల్లపు పొలాలు మునుగుతాయి, ఊరు కాదు.

వారెన్స్‌బర్గ్ వాలా:
డాక్టర్ గారూ, ప్లాట్ నది నెబ్రాస్కాలో ఉంది. ఒమాహా దగ్గర నేను స్వయంగా దాటాను.

నల్లమట్టి డాక్టర్:
అది వేరే ప్లాట్. ఇది అయోవాలో పుట్టి, సెయింట్ జోసెఫ్ ఊరి వైపు నూట రెండు ఏటిని కలుపుకుని, కాన్సాస్ సిటీకి ఎగువన మిస్సోరి నదిలో కలిసే చిన్న ప్లాట్. రాష్ట్రంలో చదువుకున్న మనిషి రాష్ట్రం మ్యాపు ఒక్కసారైనా విప్పి ఉంటే బాగుండేది.

వారెన్స్‌బర్గ్ వాలా:
ఒకే పేరు రెండు నదులకి పెట్టుకున్నది మీవాళ్ళు. మ్యాపు చూడమని నాకు చెబుతారేం?

తెనాలి సోషల్ మాస్టారు:
డాక్టర్ గారికి ధన్యవాదాలు. భూమి ఎవరిదన్న ప్రశ్న మిగిలిపోయింది.

నల్లమట్టి డాక్టర్:
అయోవా తెగ, సాక్, ఫాక్స్ తెగలది. 1821లో రాష్ట్రం ఏర్పడినప్పుడు పడమటి సరిహద్దు నిలువు గీత. ఆ గీతకీ మిస్సోరి నదికీ మధ్య మిగిలిన ముక్కోణం ఆ తెగలకి చెందింది. తెల్ల రైతులకి కన్ను పడింది. 1836లో విలియం క్లార్క్, అదే లూయిస్‌తో కలిసి పసిఫిక్ దాకా పోయొచ్చిన క్లార్క్, ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో ఒప్పందం రాయించాడు. రొక్కం 7,500 డాలర్లు. భూమి దాదాపు 20 లక్షల ఎకరాలు! డాలరుకి రెండొందల అరవై ఎకరాల పైచిలుకు పడింది, లెక్క వేసుకోండి. 1837లో రాష్ట్రంలో కలిపేశారు. దాన్నే ప్లాట్ పర్చేజ్ అంటారు. మేరీవిల్, సెయింట్ జోసెఫ్ అన్నీ అందులోవే. అయోవా వాళ్ళని నది అవతలికి నెట్టారు, ఇప్పటికీ వాళ్ళ కార్యాలయం కాన్సాస్‌లో వైట్ క్లౌడ్ దగ్గర ఉంది.

మాస్టారికి పాఠంలో పనికొచ్చే ముక్క ఇంకోటి. మిస్సోరి తప్ప 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం కూడదని 1820లో రాజీ చేసుకున్నారు. ఈ ముక్కోణాన్ని మిస్సోరిలో కలపడంతో బానిసత్వం లేని నేల బానిసత్వపు నేల అయిపోయింది. ఢిల్లీలో, అదే వాషింగ్టన్‌లో, పెద్దగా ఎవరూ నోరెత్తలేదు. నోడవే కౌంటీ 1845లో ఏర్పడింది, ఊరికి కౌంటీ గుమస్తా ఏమోస్ గ్రాహం భార్య మేరీ పేరు పెట్టారు.

సెయింట్ జో అక్క:
ఇంతవరకు చెప్పి 1931 చెప్పకుండా దాటేస్తున్నారే అందరూ? మేరీవిల్ దగ్గర ఒక టీచరమ్మ హత్య జరిగింది. రేమండ్ గన్ అనే నల్లజాతి యువకుణ్ణి పట్టుకున్నారు. జనవరి 12న కోర్టుకి తెస్తుంటే గుంపు షెరిఫ్ చేతిలోంచి లాక్కుంది. ఊళ్ళోంచి నడిపించుకుంటూ ఆ టీచరమ్మ పనిచేసిన బడి దాకా తీసుకుపోయి, కప్పు మీద గొలుసులతో కట్టి, పెట్రోలు పోసి తగలబెట్టారు. వేలమంది చూశారు. నేషనల్ గార్డ్ సైనికులు అంతకుముందే ఊళ్ళో సిద్ధంగా ఉన్నారు, షెరిఫ్ పిలవలేదు కాబట్టి కదల్లేదు. ఒక్కడికీ శిక్ష పడలేదు. తర్వాత నల్లజాతి కుటుంబాలు చాలా ఊరొదిలి పోయాయి. చరిత్ర అడిగారు కాబట్టి రాశాను.

అమలాపురం కుర్రోడు:
అక్కా, ఆయన కొడుకుని పంపుతున్నారండీ. విమానం టికెట్ కొనకముందే ఇలాంటివి రాస్తే ఆ తల్లికి రాత్రి నిద్ర పడుతుందా? తొంభై ఏళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకు తవ్వుతారు? నేను అక్కడే చదివాను, ఎవరూ ఒక్క మాట అనలేదు. మంచు పడితే పక్కింటి ముసలాయన నా మెట్లు కూడా ఊడ్చిపెట్టేవాడు.

సెయింట్ జో అక్క:
మీ పక్కింటాయన మంచివాడు కాడని నేనన్నానా తమ్ముడూ? కారంచేడు గురించి ఎవరైనా అడిగితే మా ఊళ్ళో కాఫీ బాగుంటుందని చెబుతామా? ఒక ఊరి చరిత్రలో మంచిది మాత్రం ఏరుకుంటే అది ఊరి చరిత్ర కాదు, టూరిజం కరపత్రం. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, పెద్దవయసు రోగులు ఆ రోజు సంగతులు వాళ్ళ అమ్మానాన్నల ద్వారా విన్నవి చెబుతుంటారు, గొంతు తగ్గించి. మన పిల్లలు అక్కడ రెండేళ్ళు ఉంటారు, ఆ మాత్రం తెలియకూడదా?

పాత బేర్‌క్యాట్:
తెలియాలి. కానీ మీరు రాసిన తీరు ఊరంతా ఇప్పటికీ అలాగే ఉన్నట్టుంది.

సెయింట్ జో అక్క:
ఏ వాక్యంలో రాశానో చూపించండి.

అమలాపురం కుర్రోడు:
చూపించడాలెందుకులెండి. ఇక స్కిడ్‌మోర్ కూడా రాసేయండి, ఓ పనైపోతుంది!

సెయింట్ జో అక్క:
రాస్తాను. అదే కౌంటీ, మేరీవిల్‌కి పడమర చిన్న పల్లె. కెన్ మెక్‌ఎల్‌రాయ్ అనేవాడు ఏళ్ళ తరబడి ఊరిని పీడించాడు. కిరాణా కొట్టు పెద్దాయన్ని కాల్చి, దోషిగా తేలి, అప్పీలు మీద బయట తిరిగాడు. 1981 జులై 10న పట్టపగలు నడివీధిలో వాడి ట్రక్కులోనే వాణ్ణి కాల్చేశారు. చుట్టూ నలభై మందికి పైగా ఉన్నారు. ఎవరు కాల్చారో ఎవరూ చూడలేదట. కేసు అక్కడితో ఆగిపోయింది.

నోడవే పోరడు:
ఇది మాకు రూమ్మేట్లు మొదటి వారంలనే చెప్పి భయపెట్టిన్రు. ఇప్పుడు ఆడ పోతె కుక్క గూడ మొరగది సార్, ఖాళీ.

వారెన్స్‌బర్గ్ వాలా:
కుక్క అంటే మళ్ళీ గుర్తొచ్చింది...

పాత బేర్‌క్యాట్:
వద్దు మహాప్రభో.

తెనాలి సోషల్ మాస్టారు:
అమ్మా, మీరు రాసింది చదివాను. బాధగా ఉంది, కానీ నేను అడిగింది ఇదే. వాడికీ చదివి వినిపించాను. దయచేసి ఎవరూ దీని మీద గొడవ పడకండి. యూనివర్సిటీ గురించి కూడా రెండు ముక్కలు చెప్పండి.

పాత బేర్‌క్యాట్:
క్యాంపస్ అంతా ఒకప్పుడు గాంట్ అనే ఆయన నర్సరీ. అందుకే అన్ని చెట్లు. 1993లో దాన్ని మిస్సోరి ఆర్బొరేటంగా, అంటే రాష్ట్ర వృక్షవనంగా గుర్తించారు. 1979 జులైలో పెద్ద భవనం సగం తగలబడిపోయింది. భవనాలు వెచ్చగా ఉంచే నూనె ఖర్చు తట్టుకోలేక 1982లో కట్టె పేళ్ళు కాల్చి ఆవిరి తీయడం మొదలుపెట్టారు. మేం చదివే రోజుల్లో లారీ వాటిని దించేటప్పుడు ఆ వైపంతా పచ్చి రంపపు పొట్టు వాసన, పొద్దున్నే క్లాసుకి పోతుంటే తగిలేది. 1987లోనే ప్రతి హాస్టల్ గదికీ కంప్యూటర్ లైను ఇచ్చిన క్యాంపస్ ఇది. అప్పట్లో మన దగ్గర ఫోను కనెక్షన్‌కే ఏళ్ళు ఆగేవాళ్ళం.

అమలాపురం కుర్రోడు:
కవాసాకి ఇంజన్ల ఫ్యాక్టరీ కూడా ఉందండి, 1989 నుంచి. ఊళ్ళోవాళ్ళు చాలామంది అందులోనే. విద్యార్థి వీసా మీద అందులో పని చేద్దామని మాత్రం ఆలోచించొద్దు. నాకు తెలిసిన ఒకతను బయట పని చేసి చిక్కుల్లో పడ్డాడు.

నోడవే పోరడు:
ఈడ కారు నడుపుడు గురించి ఎవ్వరు చెప్పలే. సార్, ఊరి బయట మట్టిరోడ్లు, తెల్లకంకరవి, మైలుకొకటి అడ్డంగ, మైలుకొకటి నిలువుగ గళ్ళ లెక్క ఉంటయి. ఆగస్టుల మక్కజొన్న కారు కన్న ఎత్తు పెరుగుతది. నాలుగు రోడ్ల కాడ స్టాప్ బోర్డు ఉండది, పక్క దిక్కు నుంచి వచ్చే ట్రక్కు కనవడది. దుమ్ము లేస్తున్నదా లేదా చూసుకోని దాటాలె. చెప్పున్రి తమ్మునికి.

నల్లమట్టి డాక్టర్:
ఆ గళ్ళు ఊరికే వచ్చినవి కావు. 1785 చట్టం ప్రకారం దేశంలో చాలాభాగాన్ని ఆరు మైళ్ళ చదరాలుగా, ఒక్కోదాన్ని మైలు మైలు 36 ముక్కలుగా కొలిచారు. ముక్క 640 ఎకరాలు. రోడ్లు ఆ గట్ల మీదే పడ్డాయి. విమానం కిటికీ పక్క సీటు తీసుకోమనండి.

వారెన్స్‌బర్గ్ వాలా:
వరదల మాట పూర్తి కాలేదు. 2019లో ఒమాహా వెళ్ళే ఐ-29 హైవే నెలల తరబడి మూసేశారు, మీ వైపే. మెరక అన్నారు?

నల్లమట్టి డాక్టర్:
ఐ-29 మిస్సోరి నది పక్క పల్లంలో పోతుంది. మేరీవిల్ ఊరు దానికి తూర్పున, యూఎస్ 71 రోడ్డు మీద ఉంది. మ్యాపు లింకు పంపమంటారా?

వారెన్స్‌బర్గ్ వాలా:
పంపండి. అందులో ఆమ్‌ట్రాక్ ఎక్కడుందో కూడా గుర్తు పెట్టి పంపండి.