టెక్సస్‌లో చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్, బడ్జెట్ సరిగ్గా చదవడం ఎలా?

అందరికీ నమస్కారం. తరగతికి నలభై మంది ఉన్న ఒక చిన్న ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) గురించి అడుగుతున్నాను. ఎన్నికైన ఏడుగురు ట్రస్టీలు బడ్జెట్, పన్ను రేటు ఆమోదిస్తారు, సూపరింటెండెంట్‌ను నియమిస్తారు. రోజువారీ పాలన ఆయనదే. ఇంతవరకు స్పష్టమే.

చిక్కంతా ఏ-ఎఫ్ రేటింగ్ దగ్గర, అంటే రాష్ట్రం స్కూళ్లకు, డిస్ట్రిక్ట్‌లకు ఏ నుంచి ఎఫ్ వరకు ఇచ్చే గ్రేడు. విద్యార్థుల ఫలితాలు, స్కూల్ ప్రోగ్రెస్ (పిల్లలు ఎంత మెరుగుపడ్డారన్నది) ఈ రెండింటిలో ఏది మెరుగ్గా ఉంటే దానికి 70 శాతం, క్లోజింగ్ ద గ్యాప్స్‌కి (వేర్వేరు విద్యార్థి వర్గాల మధ్య తేడాల కొలత) 30 శాతం. అంటే ఫలితాలు బాగా పడిపోయినా ప్రోగ్రెస్ బాగుంటే పైన మంచి గ్రేడే కనిపిస్తుంది. తల్లిదండ్రులకు ఇది అన్యాయమే. పైగా నలభై మందిలో ఒక్కరు స్టార్ (STAAR, రాష్ట్ర స్థాయి) పరీక్ష తప్పితే ఉత్తీర్ణత 2.5 శాతం తగ్గుతుంది. మరీ చిన్న గ్రూపుల అంకెలైతే టీఏపీఆర్ (రాష్ట్రం ఏటా ఇచ్చే విద్యా పనితీరు) నివేదికలో కనబడనివ్వరు. మూడేళ్ల ఫలితాలు కలిపి చూస్తే నిలకడగా ఉంటుందా? 2023లో పరీక్ష తీరు మారింది కదా, అంతకు ముందువి వదిలేయాలా?

ఇక డబ్బు. ఎం అండ్ ఓ (మెయింటెనెన్స్ అండ్ ఆపరేషన్స్) పన్ను జీతాలకు, నిర్వహణకు. ఐ అండ్ ఎస్ (ఇంట్రెస్ట్ అండ్ సింకింగ్) పన్ను బాండ్ల అప్పు తీర్చడానికే. రాష్ట్ర నిధులు సగటు హాజరును బట్టి వస్తాయి కాబట్టి పిల్లలు తగ్గినా, మానేసినా ఎం అండ్ ఓ వైపే గండి పడుతుంది. ఆమోదించిన బడ్జెట్ ఒకటి, మధ్యలో బోర్డు చేసే సవరణలు వేరు. ఆ సవరణలు, ఆడిట్ నివేదిక, ఫండ్ బ్యాలెన్స్ (డిస్ట్రిక్ట్ దగ్గర మిగిలిన నిల్వ) పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఉంటే చెప్పండి: ముందుగా ఏ పద్దు పట్టుకోవాలి? పబ్లిక్ ఇన్ఫర్మేషన్ (ప్రభుత్వ రికార్డులు కోరే) అభ్యర్థనలో ఏ కాగితాలు అడగాలి?